బాల్వెనీ డబుల్‌వుడ్ 12: పెత్తనం చేయని షెర్రీ
చివరి దశలో షెర్రీ (స్పెయిన్‌కు చెందిన ఘాటైన ద్రాక్షసారా) పీపాల్లో ఉంచిన విస్కీల్లో చాలావాటిని తాగినప్పుడు, కింద ఉన్న అసలు మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) రుచి ఎలాంటిదో తెలియనంతగా ఎండు ద్రాక్ష రుచే నోరంతా ఆక్రమిస్తుంది. స్కాట్లండ్‌లోని డఫ్‌టౌన్‌లో విలియం గ్రాంట్ 1892లో నెలకొల్పిన బాల్వెనీ డిస్టిలరీ వారి డబుల్‌వుడ్ 12 ఏళ్ళ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మాల్ట్‌తో తయారైన విస్కీ) నాకు నచ్చడానికి కారణం, అందులో షెర్రీ తన హద్దులో తాను ఉండటమే.

ఈ నిగ్రహం తయారీలోనే ఉంది. విస్కీ మొదట 12 ఏళ్ళపాటు అమెరికన్ ఓక్ పీపాల్లో పరిపక్వమవుతుంది. అటుపైన ఒలొరోసో అనే ముదురు రకం షెర్రీని నిలవ ఉంచిన యూరోపియన్ ఓక్ పీపాల్లోకి మార్చి మరో 9 నెలలు మాత్రమే ఉంచుతారు. చివరికి పెద్ద ఓక్ తొట్లలో పోసి, ఒక్కో పీపా రుచి ఒక్కో తీరుగా ఉండకుండా మూడు నాలుగు నెలలు కలిసిపోనిస్తారు. ఇలా పీపా మార్చే పద్ధతిని 1980ల తొలినాళ్ళలో రూపుదిద్దిన డేవిడ్ స్టువర్ట్, 1962లో విలియం గ్రాంట్ సంస్థలో గుమాస్తాగా చేరి, విస్కీ రుచిని తీర్చిదిద్దే మాల్ట్ మాస్టర్‌గా ఎదిగినవారు. డబుల్‌వుడ్ 1993లో వచ్చింది.

నోరు సన్నగా ఉండే గ్లాసులో పోసి కాసేపు కదపకుండా ఉంచితే ముందు తేనె, వెనిలా వాసనలు అందుతాయి. షెర్రీ జాడ, అంటే ఎండు ద్రాక్ష, నారింజ తొక్క, ఆ తరువాత నిదానంగా పైకి వస్తుంది. నాలుక మీద మెత్తగా సాగి, బాదం పలుకు కమ్మదనం చూపి, మధ్యలో దాల్చినచెక్క, జాజికాయల వెచ్చదనంగా మారుతుంది. ఈ మార్పు చోటుచేసుకునే ఆ కొద్ది క్షణాలే ఈ విస్కీలో అత్యుత్తమమైన భాగమని నా అభిప్రాయం.

అయితే గుటక వేశాక రుచి నిలవవలసినంత సేపు నిలవదు. స్కాచ్‌కు చట్టం అనుమతించే కనీస ఆల్కహాల్ 40 శాతం కాగా, చాలా దేశాల్లో దీన్ని సరిగ్గా ఆ మేరకే పలచన చేసి అమ్ముతున్నారు. 46 శాతం వద్ద సీసాకెత్తి ఉంటే ఆ మసాలా ఘాటు మరింత నిండుగా ఉండేదని నమ్ముతున్నాను. ఇప్పటికే ఇంత పలచనగా ఉంది కనుక దీనికి నీళ్ళు అక్కరలేదు. మన విందుల్లో అలవాటుగా పోసే సోడా, ఐసు గడ్డలు ఈ సున్నితమైన తేనె వాసనను పూర్తిగా అణిచేస్తాయి కనుక, కనీసం మొదటి గ్లాసునైనా ఏమీ కలపకుండా రుచి చూడమని కోరుతున్నాను.

చిక్కని షెర్రీ రుచే కావాలనుకునేవారు మాత్రం, పరిపక్వత అంతా షెర్రీ పీపాల్లోనే పొంది 46 శాతం వద్ద వచ్చే గ్లెన్‌ఫార్క్లాస్ 15 ఏళ్ళ విస్కీని ఎంచుకోవడం మేలు.