మూడేళ్ళు తోసిన ప్రామ్: తొట్టి ఆరు నెలలే, ఫ్రేము మాత్రం చివరిదాకా

మూడేళ్ళుగా రోజూ వాడకంలో ఉన్న ప్రామ్, అంటే పసిపిల్లల్ని తోసుకెళ్ళే బండి గురించి ఈ సమీక్ష. ఒకే ఫ్రేము మీద మొదట క్యారీకాటూ (పసిబిడ్డను పడుకోబెట్టే తొట్టి) తరవాత సీటూ బిగించుకునే రకం. అల్యూమినియం ఫ్రేము, వెనక పెద్ద గాలి టైర్లు, ముందు గుండ్రంగా తిరిగే చిన్న చక్రాలు. ఫ్రేమూ సీటూ కలిపి తూస్తే 12 కిలోలు. దీనితో పాటు గొడుగులా ముడుచుకునే 6 కిలోల తేలిక స్ట్రోలర్ కూడా ఏడాదిన్నర నడిచింది కాబట్టి పోలిక దానితోనే. మోడల్ పేర్లు రాయడం లేదు. మోడళ్ళు ఏటా మారతాయి, కీళ్ళూ చక్రాలూ చెడే తీరు మాత్రం మారదు.

కొనేటప్పుడు అందరి కళ్ళూ తొట్టి మీదే ఉంటాయి. మెత్తగా ఉందా, రంగు బాగుందా, లోపలి గుడ్డ ఉతకొచ్చా అని. ఆ తొట్టి పనికొచ్చేది మహా అయితే ఆరు నెలలు. ఆ తరవాత రెండున్నరేళ్ళు చేతిలో ఉండేది ఫ్రేమే. బేరం ఆడాల్సిందీ, వంగి చూడాల్సిందీ దాన్నే.

అలాగని ఆ ఆరు నెలల్ని తేలిగ్గా తీసుకోకూడదు. మెడ నిలవని పసిగుడ్డును కూర్చున్నట్టుగా పెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది. అందుకే వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం ఆరు నెలల లోపు పిల్లలకు వాడే సీటులో అడుగుకూ వీపుకూ మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు ఉండాలి. ‘పుట్టిన రోజు నుంచీ’ అని స్టిక్కరు వేసిన సీట్లన్నీ పూర్తిగా చదునుగా పడవు. కొన్ని సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. దుకాణంలోనే కొలిచి చూడొచ్చు. సీటును పూర్తిగా వాల్చి, ఫోనులో లెవెల్ చూపించే యాప్ తెరిచి, ఫోనును ఒకసారి సీటు అడుగు మీద, ఒకసారి వీపు మీద పెట్టండి. రెండూ నడుం దగ్గర కలిసి పైకి లేస్తున్నాయనుకుంటే, ఆ రెండు వాలులూ కలిపి 30 డిగ్రీలు దాటకూడదు. ఇంకో సంగతి, తాడు వదిలితే వెనక్కి వాలే సీట్లలో వీపు కింద గట్టి పలక ఉందో లేదో నొక్కి చూడండి. పలక లేకపోతే పిల్ల బరువుకు గుడ్డ ఉయ్యాలలా సాగుతుంది. ఖాళీ సీటు మీద కొలిచిన కోణం పిల్లను పడుకోబెట్టాక ఉండదు.

క్యారీకాట్ విషయంలో వయసు కంటే పిల్ల ఏం చేస్తోందన్నదే లెక్క. చేతుల మీద, మోకాళ్ళ మీద లేవబోతున్నా, సాయం లేకుండా కూర్చుంటున్నా, 9 కిలోలకు చేరినా దాని పని అయిపోయినట్టే. ఏది ముందు జరిగితే అది. పొడుగు పిల్లలకు నాలుగైదు నెలలకే కాళ్ళు తగులుతాయి. పరుపు గట్టిగానే ఉండాలి, అంచుల్లో సందు ఉండకూడదు. గట్టిగా ఉందని పైన ఇంకో మెత్తటి పరుపో దిండో వేయకండి. రాత్రంతా పడుకోబెట్టొచ్చని తయారీదారు రాసి ఉంటే తప్ప పగటి కునుకుకే వాడాలి.

తొట్టినైనా సీటునైనా ఫ్రేముకు తగిలించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఒకవైపు ‘టక్’మంటుంది, రెండోవైపు పడినట్టే కనిపిస్తుంది గానీ పడదు. చూపుకు తేడా తెలియదు. పిల్లను పెట్టకముందే రెండు అంచులూ పట్టుకుని గట్టిగా పైకి లాగండి. ఫ్రేము కూడా నేల నుంచి లేస్తే పట్టినట్టు. మూడేళ్ళలోనూ ఈ లంకె మీద ఒక్క ఫిర్యాదూ లేదు. దుమ్ము పేరుకున్నప్పుడు పాత టూత్‌బ్రష్‌తో గాడి శుభ్రం చేస్తే చాలు.

కారు సీటునే ఫ్రేము మీద బిగించుకునే ఏర్పాటు కూడా దీనికి ఉంది. కారు దిగి నాలుగడుగులు వేయడానికి బాగుంటుంది. పిల్ల అందులోనే నిద్రపోయిందని గంటల తరబడి తోసుకు తిరగడం మాత్రం వద్దు. కారు సీటులో ఎంత పెద్ద పిల్లలనైనా ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచవద్దంటారు. తొలి వారాల పసివాళ్ళయితే అరగంటే.

ఇక చక్రాలు. ఈ బండి మంచీ చెడూ సగం ఇక్కడే ఉంది. వెనక గాలి టైర్లు గతుకులను మింగేస్తాయి, లోపల నిద్ర చెడదు. బదులుగా అవి సేవ కోరతాయి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది, అంతకు మించి కొట్టకండి. బండి ఒక పక్కకు లాగుతోందంటే మొదట వెనక టైర్లు రెండూ నొక్కి చూడాలి. గాలి తగ్గిన వైపుకే లాగుతుంది. ట్యూబు మార్చాల్సి వస్తే పిల్లల సైకిలు ట్యూబు కొలత సరిపోవచ్చు గానీ వాల్వు వంపు తిరిగినదే కావాలి. నిటారు వాల్వయితే చిన్న చక్రంలో పంపు తల దూరదు. ఫోమ్ నింపిన టైర్లకు ఈ గొడవేమీ లేదు. అవి పంక్చర్ కావు, కాని అరుగుతాయి. బ్రేకు వేసి ఈడ్చే అలవాటుంటే ఒకచోట చదునుగా అరిగి, ఆ తరవాత ‘టకటక’ మోగుతాయి.

ఏడాది తిరిగేసరికి ముందు చక్రం కిర్రుమనడం మొదలైంది. నూనె వేయాలనిపిస్తుంది, వేయకండి. చక్రం నడిమి బొత్తాం నొక్కి బయటికి లాగితే కారణం కనిపిస్తుంది. ఇరుసు చుట్టూ పొడుగాటి తలవెంట్రుకలు, దారప్పోగులు, ధూళి అన్నీ కలిసి నల్లటి ఉంగరంలా బిగుసుకుని ఉంటాయి. కత్తెర మొనతో అడ్డంగా కోసి, పటకారుతో లాగి, ఇరుసును పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిచి, సిలికాన్ స్ప్రే ఒక్కసారి కొడితే చప్పుడు పోతుంది. వంటనూనె గానీ చిక్కటి నూనె గానీ వేస్తే రెండు రోజులు బాగానే ఉండి, ఆ జిడ్డుకు ఇసుక అంటుకుని ఇరుసును గీరేస్తుంది. ఈ పని రెండు నెలలకోసారి, పది నిమిషాలు. తడి ఇసుకలో తిప్పిన రోజున అదే రోజు.

వేగంగా నడిస్తే ముందు చక్రాలు గజగజ ఊగడం రెండో ఏట వచ్చింది. చక్రం తిరిగే కడ్డీ దగ్గర ప్లాస్టిక్ బుష్ (కడ్డీ చుట్టూ ఉండే చిన్న గొట్టం) అరగడమే దానికి కారణం. బుష్ విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. దొరక్కపోతే మొత్తం చక్రం మార్చాలి. గులకరాళ్ళ దారిలో, గడ్డిలో ముందు చక్రాలను నిటారుగా లాక్ చేస్తే ఊగవు. తిప్పాలంటే హ్యాండిల్‌ను కిందికి నొక్కి ముందు భాగం లేపాలి.

బ్రేకు పాదంతో నొక్కేది. లోపల ఒక సూది కడ్డీ చక్రం పళ్ళ మధ్యకు దూరుతుంది. ఇక్కడో మోసం ఉంది. నొక్కినప్పుడు కడ్డీ పన్ను మీద నిలబడిపోతే పెడల్ దిగినట్టే ఉంటుంది, పెడల్ మీది పచ్చ గుర్తు కూడా మారి ఎర్ర రంగు కనిపిస్తుంది, కాని చక్రం పట్టుబడదు. నొక్కాక బండిని ఒక అంగుళం ముందుకూ వెనక్కూ కదపండి. సందులో పడిన చప్పుడు వింటేనే చేయి వదలండి. వాలులో బ్రేకున్నా బండిని అడ్డంగా నిలపడం, మణికట్టుకు తాడు వేసుకోవడం మంచిది.

మడత గురించి చెప్పాలంటే గొడుగు మడత బండి చరిత్ర గుర్తొస్తుంది. ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు 1965లో ఆ నమూనాకు పేటెంటు దరఖాస్తు చేశాడు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల పని చేసిన మనిషి. అదే పేరున్న కంపెనీ 2009లో అమెరికాలో సుమారు పది లక్షల స్ట్రోలర్లను రీకాల్ చేసి కీళ్ళకు తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. బండి తెరిచేటప్పుడు కీలులో పిల్లల వేళ్ళ కొసలు నలిగి తెగినందుకు. ఏ కంపెనీదైనా కీలు కీలే. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ పిల్లలు చేతికందనంత దూరంలో ఉండాలి. లాకులు రెండూ పడ్డాయని చూశాకే కూర్చోబెట్టాలి. ఈ ప్రామ్ కీళ్ళకు ప్లాస్టిక్ తొడుగులున్నాయి. మూడేళ్ళకు హ్యాండిల్ కొసన కాస్త లొడలొడ వచ్చింది, లాకు మాత్రం వదల్లేదు.

బోల్తా పడటానికి మొదటి కారణం హ్యాండిల్‌కు తగిలించే సంచి. పిల్ల కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. ఎత్తుకున్న మరుక్షణం ముందు బరువు పోయి బండి వెనక్కి పడుతుంది. తేలిక స్ట్రోలర్‌లో నీళ్ళ సీసాలున్న సంచి ఒక్కటి చాలు. సామాను కింది బుట్టలోనే, అదీ దాని మీద రాసిన బరువు మేరకే.

బెల్టు ఐదు కొసలదే (భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటి) తీసుకోండి. కాళ్ళ మధ్య పట్టీ లేకుండా నడుం బెల్టు మాత్రమే పెడితే పిల్ల కిందికి జారుతుంది, బెల్టు మెడ దగ్గరికొస్తుంది. భుజం పట్టీ భుజం ఎత్తులో బయటికి రావాలి, కింద రెండు వేళ్ళు దూరేంత వదులుంటే చాలు. ఎదిగేకొద్దీ పై రంధ్రంలోకి మార్చాలి. చాలామంది మరిచేది ఇదే. బకిల్ బిగుసుకుపోతే లోపల బిస్కట్ పొడి ఇరుక్కున్నట్టు. గోరువెచ్చటి నీళ్ళలో ఆడిస్తే వదులవుతుంది.

ఎండగా ఉందని హుడ్ మీద గుడ్డ కప్పడం ఎంత పల్చటిదైనా తప్పే. గాలాడక లోపల వేడి పేరుకుంటుంది. వాన కవరు కూడా లోపలికి రాగానే తీసేయాలి. వేడి తెలియాలంటే చేతులు కాదు, మెడ వెనక తాకి చూడాలి.

మెట్లున్న ఇంటికి ఈ బండిని సిఫారసు చేయను. 12 కిలోల బండీ, 6 కిలోల పిల్లా కలిసి 18 కిలోలు. ఒక్కరే మోయలేరు, మోయకూడదు కూడా. అలాంటి ఇంటికి చదునుగా వాలే 7, 8 కిలోల స్ట్రోలర్ నయం, చక్రాలు చిన్నవైనా సర్దుకోవచ్చు. వెడల్పు కూడా ఇంట్లోనే కొలిచి వెళ్ళండి. ఈ బండి వెనక ఇరుసు దగ్గర 60 సెంటీమీటర్లు, ఇరుకు లిఫ్టులో దూరుతుంది గానీ తిరగదు. గొడుగు మడత బండి పిల్ల బాగా కూర్చున్నాకే. రెండు విడి హ్యాండిళ్ళు కాబట్టి ఒంటి చేత్తో తోయడం కుదరదు, నేల పగుళ్ళలో చిన్న చక్రం ఇరుక్కుంటుంది. అయినా కారు డిక్కీలో మూలన పడుండే గుణం వల్ల రెండో ఏట బయటికి ఎక్కువసార్లు వెళ్ళింది అదే.

ఈ ప్రామ్‌లో ముందుగా పాడైంది ఎవరూ ఊహించనిది. సీటులో పిల్ల ముందుండే అడ్డకడ్డీ మీది ఫోమ్. పళ్ళొచ్చే వయసులో పిల్లలు దాన్ని కొరుకుతారు, ముక్కలు నోట్లోకి పోతాయి. చిరుగు కనబడగానే కడ్డీ తీసేయండి, ఐదు కొసల బెల్టుంటే అది లేకపోయినా నష్టం లేదు. జిప్పుతో ఊడొచ్చే గుడ్డ తొడుగు ఉన్నది దొరికితే అదే కొనండి, వారానికోసారి ఉతకొచ్చు.