నూనె: సజాతీయమా, విజాతీయమా?

నూనె సజాతీయ మిశ్రమమా (అంతటా ఒకేలా ఉండేదా), విజాతీయమా (చోటుకో రకంగా ఉండేదా) అంటే ముందు అడగాల్సింది ఏ నూనె అని.

రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె తీసుకుంటే గొడవే లేదు, సజాతీయం. అందులో రకరకాల ట్రైగ్లిజరైడ్లు (అంటే కొవ్వు అణువులు), కాస్త విటమిన్ ఇ ఉంటాయి, అన్నీ ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కరిగిపోయి సీసా పైనా కిందా ఒకేలా ఉంటుంది. చాలామంది దీన్ని శుద్ధ పదార్థం అనేసుకుంటారు, కాదు, మిశ్రమమే. అందుకే నీళ్లకు ఒకే ఒక్క కచ్చితమైన ద్రవీభవన స్థానం (గడ్డ కరిగే ఉష్ణోగ్రత) ఉంటుంది గానీ, దీనికి ఉండదు.

వడకట్టని నూనె కథ వేరు. గింజల పొడి, జిగురు, తేమ బిందువులు అందులో తేలుతూ ఉంటాయి, కొన్నాళ్లు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరుకుంటుంది. ఇది విజాతీయం. చీకట్లో టార్చ్ వేసి చూడండి, ఆ తేలే రేణువులకు తగిలి కాంతి దారి తెల్లగా చెదిరి కనిపిస్తుంది.

అసలు మజా ఇక్కడుంది: తేటగా ఉన్న ఆలివ్ నూనెనే ఫ్రిజ్‌లో పెడితే మైనాలు, సంతృప్త కొవ్వులు ఎక్కువున్న భాగం ముందు గడ్డకట్టి మబ్బుగా మారుతుంది, అంటే అదే సీసా ఇప్పుడు విజాతీయం, బయట పెడితే మళ్లీ సజాతీయం. నూనెలో నీళ్లు కలిపితే మాత్రం ఎంత గిలక్కొట్టినా విజాతీయమే.