రెండేళ్ళ చదువుకు నాలుగేళ్ళ బాకీ

"ఫ్రీగా మాస్టర్స్ అట కదా!" అని మా ఆడపడుచు దగ్గర్నుంచి గుడిలో కలిసేవాళ్ళ దాకా అందరూ అడిగారు. ఫ్రీ ఏం కాదండీ. డాలర్లకు బదులు ఏళ్ళు కడతాం, అంతే.

నేను చేసింది అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో. చిన్నపిల్లల స్పెషల్ ఎడ్యుకేషన్‌తో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే చదువు) పాటు బీసీబీఏ, అంటే ప్రవర్తనను గమనించి నేర్పే బిహేవియర్ అనలిస్ట్ పరీక్షకు కావాల్సిన కోర్సులు కూడా అందులోనే. డబ్బు ఫెడరల్ విద్యాశాఖలో స్పెషల్ ఎడ్యుకేషన్ చూసుకునే ఓసెప్ అనే ఆఫీసు ఇచ్చే గ్రాంటుది. ట్యూషన్ మొత్తం వాళ్ళే కట్టారు, నెలనెలా స్టైపెండ్ కూడా ఇచ్చారు. మావారి ఉద్యోగం మీద వచ్చిన హెచ్-4 వీసాలో ఉన్నప్పుడు అడిగితే కుదరదన్నారు. గ్రీన్ కార్డు చేతికొచ్చాక మళ్ళీ వెళ్ళాను. మధ్యలో ఆరేళ్ళు గడిచాయి. గుంటూరులో రెండో తరగతికి పాఠాలు చెప్పిన నాకు ఆ ఆరేళ్ళూ వంటింట్లోనే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళు దీనిమీద ఆశ పెట్టుకోవద్దు.

స్టైపెండ్‌లో ఒక మెలిక ఉంది. ట్యూషన్ మీద పన్ను లేదు కానీ చేతికిచ్చే డబ్బు మీద ఉంది. ముందే కోసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. పన్ను లెక్కలు చూపించాల్సిన మొదటి ఏప్రిల్‌లో మావారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "ఇదేంటే!" అన్నారు.

క్లాసుల గురించి ఎక్కువ చెప్పను. బాగానే చెప్పారు, ఉదాహరణలన్నీ ప్రీస్కూల్ స్నాక్ టైమ్ చుట్టూ తిరిగేవి. అసలు చదువు ఇళ్ళలో జరిగింది.

వైకల్యమున్న పిల్లల కోసం అమెరికాలో ఉన్న ఐడియా చట్టం పార్ట్ సి కింద మూడేళ్ళలోపు పిల్లలకు సేవలు వాళ్ళు మామూలుగా ఉండేచోటే అందాలి, అంటే చాలావరకు ఇంట్లోనే. మొదటి విజిట్‌కి బొమ్మల సంచీ సర్దుకుంటుంటే మా మెంటర్ వద్దంది. సంచీతో వచ్చిన ఆట సంచీతోనే వెళ్ళిపోతుందట. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో దాంతోనే నేర్పాలి.

ఒక తెలుగువాళ్ళింట్లో (గుర్తుపట్టేలా ఏమీ చెప్పను) జరుగుతున్నది అన్నం తినిపించడం. ఊరినుంచి వచ్చిన నాయనమ్మగారు, ఎదురుగా ఫోన్‌లో పాట, రెండున్నరేళ్ళ పిల్లాడు. వాడికి మాటల్లేవు. అడగాల్సిన అవసరమూ లేదు, నోరు తెరిచేలోపే ముద్ద వచ్చేస్తోంది. "పిన్నిగారూ, ముద్ద చేతిలో పట్టుకుని వాడివైపు చూస్తూ అయిదు లెక్కపెట్టండి, తర్వాత పెట్టండి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆకలేసిన పిల్లాడి ముందు లెక్కలేంటమ్మాయ్! ఇందుకా నువ్వు చదువుకుంటోంది?" అన్నారు.

అయినా చేశారు. పైకే, వేళ్ళు మడుస్తూ, "ఒకటి... రెండు..." అని. మూడో వారం ఆవిడ ఒకటి అని ఆగగానే వాడు ఫోన్ మీంచి తలెత్తి, ఆవిడ మొహం చూసి "రెం" అన్నాడు. నెయ్యి కారుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేను డేటా షీటు రాయడం మర్చిపోయాను.

తెలుగు రాని సూపర్‌వైజర్ "అది మాటేనా?" అని అడిగింది. రెండు అనే అంకెలో సగమని చెప్పాను. కానీ వాడు అడిగింది అంకె కాదు, ముద్ద. ఏ శబ్దం చేశాడన్నది కాదు, దాంతో ఏం రాబట్టుకున్నాడన్నదే ఈ శాస్త్రంలో చూడాల్సింది. షీటులో "అడిగాడు: 1" అని రాసుకున్నాం. ఈ ఒక్క మధ్యాహ్నానికే ప్రోగ్రామ్‌కి అయిదుకి అయిదూ ఇచ్చేదాన్ని.

ఇవ్వకపోవడానికి కారణం సంతకాలు. బీసీబీఏకి మామూలు దారిలో 2000 గంటల ఫీల్డ్‌వర్క్ కావాలి. ఏ నెల గంటలకు ఆ నెల ఫారం, దానిమీద సూపర్‌వైజర్ సంతకం తర్వాతి నెలాఖరులోపు పడాలి. సెమిస్టర్ మధ్యలో మా సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసింది. ఆవిడ బదులు ఎవరన్నది ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. గడువు దాటిపోయింది, 112 గంటలు గాలికి పోయాయి. వేసవంతా మళ్ళీ చేశాను. అందుకే అయిదుకి నాలుగే ఇస్తున్నాను.

ఇక బాకీ సంగతి. డబ్బు తీసుకున్న ప్రతి ఏడాదికీ రెండేళ్ళు ఈ రంగంలోనే పనిచేయాలి. నాకు నాలుగేళ్ళు పడ్డాయి. చదువయ్యాక ఆ నాలుగుకి ఇంకో అయిదు కలిపి తొమ్మిదేళ్ళలోపు తీర్చుకోవచ్చు, కాబట్టి కాన్పులకూ ఊళ్ళు మారడానికీ కొంత వెసులుబాటుంది. తీర్చకపోతే డబ్బు వడ్డీతో సహా తిరిగి కట్టాలి. ప్రైవేటు క్లినిక్ జీతం చూసి తొందరపడొద్దు, ఆ పని బాకీ కింద లెక్కకొస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. నేను స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రీస్కూల్లో చేరాను. జీతం వాళ్ళ స్కేలు ప్రకారమే, మా ఇంట్లో ఐటీ జీతం పక్కన పెడితే నవ్వొస్తుంది. ఏడాదీ నాలుగు నెలలు తీరింది.

తిరిగి ఇండియా వెళ్ళే ఆలోచనుంటే ఇంకోటి. 2023 నుంచి అక్కడుంటూ బీసీబీఏకి కొత్తగా దరఖాస్తు చేసుకునే వీల్లేదు. పరీక్ష ఏదో ఇక్కడుండగానే ముగించుకోవాలి.

దరఖాస్తు పెట్టేముందు ప్రోగ్రామ్‌వాళ్ళని రెండు అడగండి. గ్రాంటు ఎన్నో ఏడు నడుస్తోంది, మీ చదువయ్యేదాకా ఉంటుందా? సూపర్‌వైజర్ మానేస్తే ఫారం మీద సంతకం ఎవరు పెడతారు? రెండోదానికి "అలా ఎప్పుడూ జరగదు" అంటారు. నాకూ అలాగే అన్నారు.