పాత ట్రాక్టర్ కన్సల్టెన్సీలో పెట్టి అమ్మడం: ధర సరే, పైసల సంగతి?

కన్సల్టెన్సీలో, అంటే పాత బండ్లు అమ్మిపెట్టే షాపులో, బండి పెట్టి అమ్మే పద్ధతిని నేను పదేళ్లకు పైగా వాడుతున్నాను. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది పల్లె. నా ట్రాక్టర్లే కాక మా అన్నవి, బావమరిదివి, ఊళ్లో నమ్మి అప్పజెప్పినవాళ్లవి కూడా మిర్యాలగూడ, నల్లగొండ, కల్వకుర్తి, జడ్చర్ల షాపుల్లో పెట్టి అమ్మించాను. మంచి ధర రాబట్టడానికి మాకు ఇంతకు మించిన దారి లేదని గట్టిగా చెప్పగలను. అమ్మిన పైసలు చేతికి రావడం మాత్రం పూర్తిగా వేరే ముచ్చట. షాపు ఎంత పెద్దదైనా, బోర్డు ఎంత పాతదైనా, బండి దింపిన రోజు రాసుకున్న కాయిదమే అక్కడ పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బండిని షాపు జాగాలో నిలబెట్టి ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులు ఇస్తాం. కొనేవాళ్లను షాపాయన చూస్తాడు. అమ్ముడుపోయేదాకా బండి మనదే, అమ్ముడుపోతేనే ఆయనకు గిట్టుబాటు. ఒప్పందాలు రెండు రకాలు. కమీషన్ పద్ధతిలో బేరం మన ముందే జరుగుతుంది, ముందే మాట్లాడుకున్న కమీషన్ ఆయన తీసుకుంటాడు. చాలాచోట్ల కొన్నవాళ్ల దగ్గర కూడా తీసుకుంటారు, అది తప్పేం కాదు. రెండోది నికర రేటు. "నీకు మూడు లక్షల ఇరవై వేలు రావాలె, గంతే గదా? పైన ఎంతొచ్చినా నాది" అంటాడు. వినడానికి సులువే. కానీ నికర రేటులో కొన్నవాళ్ల మొహం మనం చూడం. ఎప్పుడు పోయింది, ఎంతకు పోయింది, బయానా ఎంత పడింది, ఏదీ తెలియదు. పైసలు ఆలస్యమైనప్పుడు అడగడానికి మన చేతిలో ఒక్క ఆధారమూ ఉండదు. అందుకే పైన కొంత పోయినా నేను కమీషన్ పద్ధతికే ఓటేస్తాను.

ఇక ధర. ట్రాక్టర్ రేటు మోడల్, సంవత్సరం, మీటరు గంటలు, టైర్లను బట్టే ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. ఏ నేలలో పనిచేసిందన్నది అంతకంటే ముందు చూస్తారు. మా ఆయకట్టులో ప్రతి బండీ కేజీవీల్స్ (బురద దున్నడానికి వేసే ఇనుప చక్రాలు) ఎక్కించుకుని బురదలోకి దిగాల్సిందే. ఏడాదికి రెండు పంటలు దమ్ము చేసిన బండికి వెనక యాక్సిల్ ఆయిల్ సీళ్లు పోతాయి, బ్రేకుల్లోకి బురద నీళ్లు చేరతాయి, క్లచ్ తొందరగా అరుగుతుంది, మడ్‌గార్డుల కింద తుప్పు పడుతుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు చెలకల్లో పత్తికి, కందికి దున్నిన బండి అదే మోడల్, అదే సంవత్సరమైనా ఎక్కువ పలుకుతుంది. పాలమూరు నుంచి వచ్చిన రైతు బానెట్ ఎత్తకముందే వెనక చక్రం పక్కన కూర్చుని యాక్సిల్ దగ్గర ఆయిల్ కారుతోందా అని వేలు పెట్టి చూస్తాడు. సీళ్లు ముందే మార్పించి, కడిగించి తీసుకెళ్తే ఆ ఖర్చుకు ఎన్నో రెట్లు బేరంలో నిలబడుతుంది. రంగు వేయించడం మాత్రం దండగ. కొత్త రంగు చూస్తే కొనేవాడికి అనుమానమే పెరుగుతుంది.

కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు వరి పెరిగింది. ఒకప్పుడు బురద బండి అంటే మొహం తిప్పుకున్నవాళ్లే ఇప్పుడు "కేజీవీల్స్ గూడ ఇస్తరా?" అని అడుగుతున్నారు. కాబట్టి సీళ్లు, క్లచ్ బాగున్న బురద బండిని కేజీవీల్స్ జతతో అటు పంపితే మా దగ్గరకంటే మంచి ధర వస్తుంది. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడకు పోయే 167 జాతీయ రహదారి ఈ రెండు బజార్లనూ కలుపుతుంది. ఆ దారి పొడవునా షాపులవాళ్లు ఒకరికొకరు వాట్సాప్‌లో ఫొటోలు పంపుకుంటారు. మిర్యాలగూడలో నిలబెట్టిన బండికి కల్వకుర్తి నుంచి మనిషి దిగడం నేను చాలాసార్లు చూశాను. ఊళ్లో చెట్టు కింద పెట్టి 'అమ్మబడును' అని రాస్తే ఆ మనిషి మనకు ఎన్నటికీ దొరకడు. కమీషన్ ఇచ్చేది ఈ పనికే, ఇవ్వడం న్యాయమే.

కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తె ముందు దింపిన బండి షాపులో నిలవదు, తొందరగా అమ్ముడుపోతుంది. నాట్లు అయిపోయాక దింపితే దసరా దాకా ఎండకూ వానకూ నిలబడి టైర్లు పగులుతాయి.

అసలు విషయం పైసలు. పాత ట్రాక్టర్‌ను మొత్తం చేతి సొమ్ముతో కొనే రైతు తక్కువ. బయానా కొంత ఇస్తాడు, సొంత సొమ్ము కొంత కడతాడు, మిగతాది ఫైనాన్స్. ఫైనాన్స్ కంపెనీ మనిషి వచ్చి బండికి వెలకట్టి, లోన్ పాసైనా అంతా ఒక్కసారి ఇవ్వడు. కొత్త ఆర్‌సీ మీద కంపెనీ పేరున హైపోతికేషన్ (బండి లోన్ కింద ఉందన్న రాత) ఎక్కేదాకా కొంత ఆపుతాడు. షాపులవాళ్లు దీన్ని ఆర్‌సీ హోల్డ్ అంటారు. అంటే మనకు రావాల్సిన సొమ్ము మూడు నాలుగు ముక్కలుగా, వేరువేరు రోజుల్లో కదులుతుంది. ఈ ముక్కలన్నీ షాపు ఖాతాలో పడి అక్కడినుంచి మనకు రావాలంటే మధ్యలో షాపాయన అవసరాలు అడ్డం పడతాయి. ఆయన ఆ సొమ్ముతో ఇంకో బండి కొంటాడు, అది అమ్ముడుపోతే మనకు ఇద్దామనుకుంటాడు. అందరూ మోసగాళ్లని నేననను. చాలామంది చిన్న పెట్టుబడితో నడిపేవాళ్లు, ఒకరి పైసలు ఇంకొకరికి తిప్పుతుంటారు. కానీ మన సొమ్ముతో ఆయన వ్యాపారం చేస్తుంటే మన అప్పుల మీద మిత్తి మాత్రం మనమే కడుతున్నాం.

మా అన్న మహీంద్రా 275 విషయంలో జరిగింది ఇదే. షాపు పేరు, ఊరు చెప్పను. "పార్టీకి ఫైనాన్స్ ఇంకా పడలేదు, వచ్చే సోమారం రాండ్రి" అంటూ వారాలు గడిపాడు. ఒకరోజు కొన్న రైతే ఇన్సూరెన్స్ కాయిదం కోసం అన్నకు ఫోన్ చేశాడు. మాటల్లో తేలిందేమంటే అతని లోన్ ఎప్పుడో విడుదలైంది, షాపు ఖాతాలోకే పోయింది, రెండు కిస్తీలు కూడా కట్టేశాడు. ఆ రోజు మమ్మల్ని కాపాడింది బండి దింపినప్పుడు రాయించుకున్న కాయిదం. అందులో కనీస ధర, కమీషన్, ఫైనాన్స్ సొమ్ము పడిన వారంలో చెల్లించాలన్న మాట ఉన్నాయి. వకీలు నోటీసు ఇచ్చాడు. 1872 కాంట్రాక్ట్ చట్టంలో 213వ సెక్షన్ ప్రకారం ఏజెంటు అడిగినప్పుడు సరైన లెక్క చూపించాలి, 218వ సెక్షన్ ప్రకారం యజమాని తరఫున అందుకున్న సొమ్మును తనకు రావాల్సింది మినహాయించుకుని అప్పగించాలి. షాపాయన ఏజెంటే గానీ కొన్నవాడు కాదని మా కాయిదం తేల్చింది. నోటీసు అందాక సగం ఒక్కసారే వచ్చింది, మిగతాది విడతలుగా వచ్చింది. మిత్తి రాలేదు.

అప్పటినుంచి నేను పట్టుబట్టేది ఒక్కటే. ఫైనాన్స్ సొమ్ము నేరుగా ఆర్‌సీ ఉన్న మనిషి ఖాతాలో పడాలి, కమీషన్ నేను అక్కడినుంచి షాపుకు పంపుతాను. దీనికి ఒప్పుకునే షాపులున్నాయి. జడ్చర్ల వైపు ఒకాయన తానే ముందుగా నా పాస్‌బుక్ జిరాక్స్ అడిగాడు. ఆయన పలికించే ధర మిర్యాలగూడ కంటే కాస్త తక్కువే వచ్చినా నాకు తెలిసినవాళ్లను ఆయన దగ్గరికే పంపుతున్నాను. "మా దగ్గర గట్ల నడవదు" అన్న షాపులో ఎంత ఎక్కువ రేటు చెప్పినా నేను బండి దింపను.

పైసలకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. బండి దింపేటప్పుడే షాపువాళ్లు ఆర్‌సీలో పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుంటారు. బండి చేతులు మారుతుంది, ఆర్‌సీలో పేరు మారదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆ పని జరగకుండా బండి మూడు చేతులు దాటి ఎక్కడో మనిషిని గుద్దితే? 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే. పొలం అమ్ముకుని కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే కొన్నవాళ్ల ఆధార్ చూసి పేరు నింపిన ఫారం మీదే సంతకం పెట్టండి. దానికోసం ఒకసారి షాపుకు పోయి రావాల్సి వచ్చినా పోండి.

దీనికి కేంద్రం ఒక మంచి మార్గం పెట్టింది. 2022 డిసెంబర్‌లో మోటారు వాహనాల నియమాలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ గుర్తింపు సర్టిఫికెట్ తీసుకొచ్చారు. అలాంటి డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి శాఖకు తెలపాలి. అప్పటినుంచి అమ్ముడుపోయేదాకా డీలరే యజమాని కింద లెక్క. బండిని ట్రయల్, రిపేరు లాంటి పనులకు తప్ప ఆయన రోడ్డు మీద తిప్పకూడదు, తిప్పిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి. మన నెత్తిమీది బరువు దిగిపోయే నియమం ఇది. మా వైపు షాపుల్లో ఈ సర్టిఫికెట్ గురించి అడిగితే "గదేంది?" అన్నవాళ్లే నాకు ఎక్కువ తగిలారు. అయినా ప్రతి షాపులో అడుగుతూనే ఉన్నాను. అడిగేవాళ్లు పెరిగితే తీసుకునేవాళ్లూ పెరుగుతారు.

బండి దింపే రోజు నేను రాయించే కాయిదం ఒక పేజీయే. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, మీటరు గంటలు, బ్యాటరీ మీది నంబరు, నాలుగు టైర్ల కంపెనీ, టాప్ లింక్, హుక్, టూల్ బాక్స్ ఉన్నాయా లేవా, అన్నీ ఉంటాయి. బ్యాటరీ నంబరు ఎందుకంటే, షాపులో నిలబడ్డ బండ్ల బ్యాటరీలు, టాప్ లింకులు ఒకదానినుంచి ఇంకోదానికి మారడం మామూలే. ఎన్నాళ్లు ఉంచాలి, ఆలోగా పోకపోతే ఏ ఖర్చూ లేకుండా వెనక్కి తీసుకెళ్లే హక్కు, అడగకుండా రిపేరు చేయించకూడదన్న మాట, ట్రయల్‌కు పొలంలో దింపితే డీజిలు, దెబ్బలు ఎవరి పూచీ అన్నవి కూడా ఉంటాయి. షాపు స్టాంపు, సంతకం. అదంతా సెల్‌ఫోన్‌లో ఫొటో. ట్రాలీకి ఆర్‌సీ వేరు కాబట్టి కాయిదమూ వేరే రాయించాలి, ట్రాక్టర్‌తో కలిపి ఒక్క రేటు ఒప్పుకోకూడదు. పాత లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అట్లాగే ఉంటే ముందే బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ (బాకీ లేదన్న కాయిదం), ఫారం 35తో తీయించుకోండి. లేదంటే కొనేవాడి ఫైనాన్స్ ఆగుతుంది, ఆ ఆలస్యానికి షాపును అని లాభం లేదు.

నగదు గురించి కూడా చెప్పాలి. ఒకే అమ్మకానికి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్నవాళ్ల మీదే పడుతుంది. "నక్తు ఇస్త, ఇప్పుడే బండి తోలుకపోత" అన్నా ఖాతాలోనే వేయమనండి. చెక్కు ఇస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ఈ గడువుల్లో ఒక్కటి దాటినా చెక్కు కేసు నిలవడం కష్టం.

కొత్త ట్రాక్టర్ కొంటూ షోరూములో ఎక్స్ఛేంజ్ ఇస్తే కన్సల్టెన్సీ కంటే బాగా తక్కువ కడతారు, కానీ బిల్లులో అప్పటికప్పుడే తగ్గుతుంది. నాట్ల ముందు బండి లేకుండా ఉండలేనివాళ్లకు అదే నయం. సొంతూళ్లో, పక్కూళ్లో కొనే మనిషి కళ్లముందు ఉంటే షాపుదాకా పోనక్కర్లేదు. ఇద్దరూ కలిసి ఆర్టీఏ ఆఫీసుకు స్లాట్ తీసుకుని పేరు మార్పించుకుంటే కమీషన్ మిగులుతుంది. మా బావమరిది స్వరాజ్ 735 ఇప్పుడు జడ్చర్ల షాపులో ఉంది. బయానా నిన్న మధ్యాహ్నం అతని ఖాతాలోనే పడింది.