44వ సవరణను అర్థమయ్యేలా చెప్పిన పాలిటీ తరగతులు (శ్రీకాకుళం)

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి సమీపంలో గ్రూప్స్ అభ్యర్థుల కోసం నడుస్తున్న ఒక శిక్షణ కేంద్రంలో ఆదివారాల్లో జరిగే పాలిటీ తరగతులకు నేను హాజరయ్యాను. గది ఇరుకు, ఫ్యాన్లు చాలవు. అయినా 44వ రాజ్యాంగ సవరణపై మాస్టారు చెప్పిన పాఠం ఒక్కదాని కోసమైనా అక్కడ చేరవచ్చునని నా అభిప్రాయం.

చాలా చోట్ల ఈ సవరణను 1978, ప్రాథమిక హక్కుల నుంచి ఆస్తి హక్కు తొలగింపు, దాన్ని చట్టపరమైన హక్కుగా మాత్రమే ఉంచిన 300ఏ అధికరణ అంటూ బిట్లుగా బట్టీ పట్టించి వదిలేస్తారు. ఇక్కడ మాత్రం ఆ సవరణ ఎందుకు అవసరమైందో ముందుగా చెప్పారు. 1975 జూన్ 25 రాత్రి, మంత్రివర్గం సమావేశం కాకముందే, ఆంతరంగిక కల్లోలాల పేరిట అత్యవసర పరిస్థితి ప్రకటించారని, రెండు రోజులకే 359వ అధికరణ కింద వెలువడిన ఉత్తర్వుతో 14, 21, 22 అధికరణల్లోని ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయిందని, విచారణ లేకుండా నిర్బంధించేందుకు వీలిచ్చిన మీసా చట్టం కింద నిర్బంధితులైనవారి హెబియస్ కార్పస్ పిటిషన్లను (నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టు తేల్చాలని కోరేవి) విచారించవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పినా, 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు వీల్లేదన్నదని, అయిదుగురు న్యాయమూర్తుల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారని ఆయన వరుసగా వివరించారు. అదంతా విన్నాక, ఎమర్జెన్సీలోనూ 20 (నేరాలకు శిక్షల విషయంలో రక్షణ), 21 (ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల రక్షణ) అధికరణల అమలును నిలిపివేయరాదన్న నిబంధన 44వ సవరణలో ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేకపోయింది. కల్లోలాల స్థానంలో సాయుధ తిరుగుబాటును కారణంగా ఉంచడం, మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలనడం కూడా అలాగే అర్థమయ్యాయి. ఎమర్జెన్సీ తర్వాత పుట్టిన మా తరానికి ఇలా చెప్పేవారు కావాలి.

అచ్చు వేసి ఇచ్చిన నోట్సు మాత్రం ఈ పాఠానికి తగినట్టు లేదు. నిర్బంధాన్ని సమీక్షించే సలహా మండలి అభిప్రాయం లేకుండా ఒకరిని నివారక నిర్బంధంలో (నేరం చేయకుండా ముందుగానే అదుపులో) ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే భాగం, సవరణలో ఉన్నా, నేటికీ అమలులోకి రాలేదు. నోట్సులో అది అమలైనట్టే రాశారు. పరీక్షలో మార్కు పోవడం ఒక ఎత్తు, పౌరుడికి ఇంకా దక్కని రక్షణ దక్కిందని నమ్మించడం మరో ఎత్తు. జబల్‌పూర్ తీర్పును 2017లో గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టే తోసిపుచ్చిన సంగతికి నోట్సులో ఒక్క వాక్యమైనా కేటాయించలేదు.

బోధన పూర్తిగా తెలుగులో సాగుతుంది, చట్టపరమైన పదాలను ఇంగ్లీషులోనూ బోర్డు మీద రాస్తారు. పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారికి సాయంత్రం తరగతి ముగిసే వేళ ఇబ్బందికరమే. కొత్త బ్యాచ్‌లో చేరేవారు ఫీజు కట్టే ముందే సరిదిద్దిన నోట్సు ఇస్తారా అని తప్పక అడగండి.