నెట్‌వర్క్‌మేనేజర్ నుంచి ఐడబ్ల్యూడీకి: సేవ్ అయిన వైఫైలన్నీ తెచ్చుకున్నాక, చాన్నాళ్లు వాడాక

మాది శ్రీకాకుళం, పని మీద పలాస, విజయనగరం తిరుగుతా, చేతిలో ఉన్నది లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్. అందులో సేవ్ అయిన వైఫైలు నాకు చాలా విలువైనవి, ఎందుకంటే సగం చుట్టాలిళ్లవి, పాస్‌వర్డ్ ఆ ఇంట్లోవాళ్లకే గుర్తుండదు, కనెక్షన్ పెట్టిన కుర్రాడు ఎప్పుడో కొట్టి వెళ్లిపోయుంటాడు. లినక్స్‌లో వైఫై కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రాం నెట్‌వర్క్‌మేనేజర్, అదే పని చేసే ఇంకో ప్రోగ్రాం ఐడబ్ల్యూడీ, మొదటిదాన్నించి రెండోదానికి మారినప్పుడు ఆ వైఫైలన్నీ తెచ్చుకున్నా.

నెట్‌వర్క్‌మేనేజర్ ఒక్కో వైఫైకి ఒక్కో ఫైల్ పెడతాది, ఈటీసీ కింద సిస్టమ్-కనెక్షన్స్ ఫోల్డర్‌లో, రూట్‌కి, అంటే సిస్టమ్ అడ్మిన్‌కి, తప్ప తెరుచుకోదు. ఐడబ్ల్యూడీ అయితే వార్ కింద లిబ్‌లో దాని సొంత ఫోల్డర్, వైఫై పేరే ఫైల్ పేరు, చివర డాట్ పీఎస్‌కే, లోపల సెక్యూరిటీ అనే హెడ్డింగు కింద పాస్‌ఫ్రేజ్ లైను ఒక్కటి ఉంటే చాలు. ఫైల్ పెట్టగానే అదే చూసుకుంటాది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. ఈ సింపుల్‌తనమే నాకు బాగా నచ్చింది.

చూసుకోవాల్సింది ఏటంటే, పాత ఫైల్‌లో పీఎస్‌కే-ఫ్లాగ్స్ 1 అని ఉంటే పాస్‌వర్డ్ అందులో లేనట్టే, అది పాస్‌వర్డులు దాచే కీరింగ్‌లోనో కేవాలెట్‌లోనో ఉంటాది, పాత సిస్టమ్ తీసేయకముందే అక్కడి నుంచి రాసుకోండి. ఇంకోటి, మా బావ ఫోన్ హాట్‌స్పాట్‌కి తెలుగులోనే పేరు పెట్టాడు, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్‌లో ఆ పేరు 224;176; అంటూ అంకెల వరసలా కనిపిస్తాది, ఐడబ్ల్యూడీలో సమానం గుర్తుతో మొదలయ్యే హెక్స్ (0-9, ఎ-ఎఫ్‌లతో రాసే కోడ్) పేరు కావాలి. వైఫై పేరుకి 32 బైట్లే, తెలుగులో అక్షరానికీ గుణింతానికీ విడివిడిగా 3 బైట్లు పోతాయి, కాబట్టి పేరు చిన్నదే ఉంటాది, చేత్తో మార్చినా పెద్ద పని కాదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే, పాస్‌వర్డ్‌కి బదులు ఫైల్‌లో ఉండగలిగే 64 హెక్స్ అక్షరాల కీ కాదు, అసలు పాస్‌వర్డే తీసుకెళ్లండి. ఆ కీ పాస్‌వర్డునీ వైఫై పేరునీ కలిపి 4096 సార్లు తిప్పితే వచ్చింది, రేపు రౌటర్ మార్చి పేరు కొత్తది పెట్టారంటే పాస్‌వర్డు అదే అయినా ఆ కీ పనికిరాదు, కొత్త వైఫై సెక్యూరిటీ పద్ధతి డబ్ల్యూపీఏ3కి అయితే పాస్‌వర్డే కావాలి, కీతో కుదరదు.

వాడకంలో, మూత తెరిచేసరికి కనెక్ట్ అయిపోతాది, నాకైతే ముందుకంటే త్వరగానే అనిపిస్తంది. ఐడబ్ల్యూడీ ఒక్కటే వాడేవాళ్లు దాని సెట్టింగుల ఫైల్ మెయిన్ డాట్ కాన్ఫ్‌లో ఎనేబుల్‌నెట్‌వర్క్‌కాన్ఫిగరేషన్ ట్రూ పెట్టుకోవాలి, లేదా ఐపీ అడ్రస్ తెచ్చుకోడానికి వేరే ప్రోగ్రాం ఉండాలి, లేకపోతే వైఫై తగులుకుంటాది గానీ నెట్ రాదు. కాలేజీల్లో యూజర్‌నేమ్ అడిగే వైఫైలకి డాట్ 8021ఎక్స్ ఫైల్ చేత్తో రాయాలి, ఇది మాత్రం కొంచెం విసుగే.

వెనక్కి వెళ్లాలన్నా కష్టం లేదు, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైళ్లు రూట్ పేరు మీద 600 పర్మిషన్‌తో (ఓనరే చదవగలిగేలా, రాయగలిగేలా) పెట్టి ఎన్ఎంసీఎల్ఐ అనే దాని కమాండుతో కనెక్షన్ రీలోడ్ కొడితే చాలు, పర్మిషన్ వదులుగా ఉంటే మాత్రం ఆ ఫైల్‌ని అది పట్టించుకోదు. మౌస్‌తో నొక్కి వైఫై ఎంచుకునే అలవాటున్న ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌లో నేనైతే నెట్‌వర్క్‌మేనేజరే ఉంచుతా.