విదేశీ పతకం: దాచుకోవడమా, ధరించడమా? ఏది మేలు?

మెల్‌బోర్న్‌లో ఆన్జాక్ డే (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల స్మారక దినం) పరేడ్, లండన్‌లో నవంబరులో జరిగే యుద్ధ మృతుల స్మారక పరేడ్ చూసిన మనవాళ్ళు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. వేరే దేశం ఇచ్చిన పతకాన్ని మాజీ సైనికుడు పెట్టుకుంటానంటే ఒక ప్రభుత్వం వెంటనే సరేనంటుంది, ఇంకో ప్రభుత్వం ఏళ్ళ తరబడి తిప్పుతుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు? ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దానికి కారణం మలేసియా ఇచ్చిన ‘పింగాట్ జాస మలేసియా’ పతకం.

మలయా (నేటి మలేసియాలో ద్వీపకల్ప భాగం)లో కమ్యూనిస్టు గెరిల్లాలతో జరిగిన ‘ఎమర్జెన్సీ’ పోరులోనూ, ఆ తర్వాత ఇండోనేషియాతో నడిచిన ‘కన్‌ఫ్రంటేషన్’ అనే సాయుధ ఘర్షణలోనూ తమ గడ్డ మీద పనిచేసిన కామన్వెల్త్ సైనికులకి కృతజ్ఞతగా మలేసియా దీన్ని ప్రకటించింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమ వాళ్ళని తీసుకోమన్నాయి, పెట్టుకోమన్నాయి. బ్రిటన్ 2006 జనవరిలో తీసుకోవడానికి మాత్రం ఒప్పుకుని, పెట్టుకోవడానికి వీల్లేదంది. అడవి ఒకటే, శత్రువు ఒకడే, పతకమూ ఒకటే. అనుమతి మాత్రం ఎవరి పాస్‌పోర్టుని బట్టి వాళ్ళకి.

బ్రిటన్ వాదనని కొట్టిపారెయ్యలేం. అక్కడ పతకాల సంగతి చూసే హెచ్‌డీ కమిటీకి రెండు పాత నిబంధనలున్నాయి. జరిగి ఐదేళ్ళు దాటిన సేవకి విదేశీ పతకం తీసుకోకూడదు. ఒకే సేవకి రెండు పతకాలు ఉండకూడదు. ప్రతి మిత్రదేశం ఇచ్చిందల్లా తగిలించుకుంటూ పోతే సొంత రాజో రాణో ఇచ్చిన పతకానికి విలువ తగ్గుతుందన్నది వాళ్ళ భయం. “నా కుక్కల మెడలో నా పట్టీలే ఉండాలి” అని మొదటి ఎలిజబెత్ అన్నట్టు చెప్పుకుంటారు. అంత పాత పట్టింపు ఇది. సైన్యంలో ఇలాంటి కట్టుబాటు అవసరమే.

అయితే నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే. ఆ సేవకి ఆ మనిషి దగ్గర సొంత దేశం పతకం ఉందా, లేదా?

ఇక్కడ తేదీలు చూడాలి. బ్రిటన్ జనరల్ సర్వీస్ మెడల్ మీద ‘మలయా’ క్లాస్ప్ (ఏ పోరులో సేవ చేశారో చెప్తూ పతకం రిబ్బన్‌కి తగిలించే లోహపు పట్టీ) 1948 జూన్ నుంచి 1960 జులై 31 దాకా చేసిన సేవకి. ‘బోర్నియో’ క్లాస్ప్ 1962 డిసెంబరు 24న మొదలైంది. ‘మలయ్ పెనిన్సులా’ క్లాస్ప్ 1964 ఆగస్టు 17న. అంటే 1960 ఆగస్టులో వెళ్ళి, బోర్నియో వైపు పోకుండా 1964 వేసవికల్లా ఇంటికొచ్చేసిన సైనికుడు ఏ క్లాస్ప్‌కీ అందడు. అక్కడి సేవకి అతని ఛాతీ మీద ఏమీ లేదు. మలేసియా పతకం లెక్క 1957 ఆగస్టు 31న, అంటే మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున మొదలై 1966 ఆగస్టు దాకా సాగింది. అతనికి దక్కిన గుర్తింపు అదొక్కటే. అలాంటి మనిషికి ‘రెండు పతకాలు కుదరవు’ అని చెప్తే ఆయనేం జవాబిస్తాడు? ఆయన దగ్గర మొదటిదే లేదు!

ఇంకో సంగతి. తీసుకోవడానికి అనుమతిచ్చినప్పుడే బ్రిటన్ ఆ రెండు నిబంధనల్నీ పక్కన పెట్టింది. పక్కన పెట్టిన నిబంధనల స్ఫూర్తినే మళ్ళీ తెచ్చి పెట్టుకోవద్దనడం ఎలా సమర్థించుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పతకం ఉండేదే నలుగురిలో పెట్టుకోవడానికి. ఇంట్లో పెట్టెలో ఉంచుకోమన్నాక ఇచ్చిన దేశానికీ మర్యాద దక్కలేదు, తీసుకున్నవాడికీ తృప్తి లేదు.

మధ్యే మార్గం కూడా ఒకటి ప్రయత్నించారు. 2007లో మెర్డెకా (స్వాతంత్ర్యం) యాభై ఏళ్ళ ఉత్సవాలకి మలేసియా వెళ్ళినవాళ్ళు అక్కడ పెట్టుకోవచ్చన్నారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

చివరికి వెటరన్ల పోరాటం ఫలించి 2011లో ధరించడానికి అనుమతి వచ్చింది. 1957లో పంతొమ్మిదేళ్ళకి నేషనల్ సర్వీస్ (నిర్బంధ సైనిక సేవ) మీద వెళ్ళిన కుర్రాడికి 2006లో అరవై ఎనిమిది, 2011కి డెబ్భై మూడు. ఆ వయసులో ఐదేళ్ళంటే మాటలు కాదు.

ఆస్ట్రేలియా పద్ధతిలో విలువ తగ్గుతుందన్న భయానికీ జవాబుంది. సొంత దేశం పతకాలన్నీ ముందు, విదేశీ పతకం వరస చివర. పరేడ్‌లో నిలబడ్డ మనిషిని చూస్తే ఏది ఎవరిచ్చారో ఆ వరసే చెప్పేస్తుంది. అందుకే నా ఓటు దానికే.

మరి విదేశీ పతకం కోసం పోరాడే బదులు సొంత ప్రభుత్వాన్నే కొత్త పతకం అడిగితే? రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్కిటిక్ సముద్రం మీదుగా సోవియట్ రష్యాకి సరుకు మోసిన ఓడల గుంపుల (ఆర్కిటిక్ కాన్వాయ్‌ల) నావికుల విషయంలో అదే జరిగింది. మూర్మన్‌స్క్, ఆర్ఖాంగెల్స్క్ రేవులకి సరుకు చేరేసినవాళ్ళకి రష్యా ఉషకోవ్ పతకం ఇస్తానంటే 2012లో బ్రిటన్ కాదంది. అదే పతకాన్ని ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా ఒప్పుకున్నాయి. పతకాల నిబంధనల మీద సర్ జాన్ హోమ్స్ చేసిన సమీక్ష తర్వాత బ్రిటన్ 2013లో సొంతంగా ఆర్కిటిక్ స్టార్ ఇచ్చింది, అదే ఏడాది ఉషకోవ్‌కీ ఒప్పుకుంది. సొంత దేశం గుర్తింపు గొప్పదే, కాదనను. కానీ 1943లో ఇరవై ఏళ్ళున్న నావికుడికి అప్పటికి తొంభై. కొత్త పతకం తయారవ్వాలంటే సమీక్షలు, కమిటీలు, డిజైన్లు. చేతికొచ్చిన పతకానికి ఒక్క సంతకం చాలు.

ఇందులో మనకి సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకి ఒక మాట. ఎమర్జెన్సీకి దారితీసిన 1948 జూన్ హత్యలు పేరాక్‌లోని సుంగై సిపుట్‌లో జరిగాయి. ఆ రాష్ట్రం తోటల్లో మన తెలుగు కుటుంబాలూ పనిచేశాయి. ఆ సైనికులు తిరిగిన దారులు వాళ్ళకి పరాయివి కావు.

ఇప్పుడు చూడాల్సింది 1991 గల్ఫ్ యుద్ధం వాళ్ళని. కువైట్, సౌదీ ఇచ్చిన పతకాల్ని అమెరికన్లు పెట్టుకున్నారు. బ్రిటిష్ వాళ్ళని జ్ఞాపికగా ఉంచుకోమన్నారు. వీళ్ళకి సొంత దేశం గల్ఫ్ మెడల్ ఉంది కాబట్టి నా కొలత ప్రకారం వీళ్ళ కేసు మలయా వాళ్ళంత బలమైంది కాదు. అయినా వరస చివర ఒక పతకం చేరితే గల్ఫ్ మెడల్‌కి వచ్చే నష్టం నాకు కనబడదు. పైగా అప్పుడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. అడగదలుచుకుంటే ఈ వయసులోనే గట్టిగా అడగాలి. అడిగేటప్పుడు ‘ధరించడానికి’ అన్న మాట మొదటి ఉత్తరంలోనే ఉండాలి.